ఎయిర్ డ్యాన్సర్

ఎయిర్ డ్యాన్సర్ అంటే అడుగున బిగించిన ఫ్యాను ఊదే గాలికి పైకి లేచి, ఊగుతూ, నడుము విరిగినట్టు వంగి, మళ్లీ నిటారుగా నిలబడే పొడవాటి గుడ్డ బొమ్మ. స్కై డ్యాన్సర్, ట్యూబ్ మ్యాన్ అనే పేర్లు కూడా దీనికి ఉన్నాయి. కార్ల షోరూములు, పెట్రోల్ బంకులు, కొత్తగా తెరిచిన దుకాణాల ముందు దారిన పోయేవారి చూపు లాగడానికి దీన్ని నిలబెడతారు. బొమ్మ మీద అక్షరాలు ఉన్నా తక్కువే. సరుకు పేరు, ధర చెప్పే పని దానిది కాదు. ఇక్కడొక అంగడి ఉందని తెలియజేయడమే దాని పని. 1996 అట్లాంటా ఒలింపిక్స్ వేడుకల కోసం కళారూపంగా తయారైన ఈ బొమ్మ కొద్ది ఏళ్లలోనే రోడ్డుపక్క ప్రకటన పరికరంగా మారి ప్రపంచమంతా పాకింది. గేర్లు, కీళ్లు, మీటలు ఏవీ లేకుండా కదలడం దీని ప్రత్యేకత. తక్కువ ధర, నకళ్ల వెల్లువ, పురపాలక నిషేధాలు, పొలాల్లోనూ ప్రయోగశాలల్లోనూ దొరికిన కొత్త ఉపయోగాలు అన్నీ చాలావరకు ఈ ఒక్క లక్షణం నుంచి వచ్చినవే.

నిర్మాణం

పరికరంలో ప్రధానంగా ఉండేవి రెండే: బ్లోయరు, గుడ్డ గొట్టం. లోహపు లేదా ప్లాస్టిక్ పెట్టెలో మోటారుతో నడిచే ఫ్యానును నోరు ఆకాశం వైపు ఉండేలా అమర్చినదే బ్లోయరు. సాధారణంగా దీని నోరు 12 లేదా 18 అంగుళాల వెడల్పు, మోటారు అర హార్స్‌పవర్ నుంచి ఒక హార్స్‌పవర్ వరకు ఉంటాయి. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. ఆ స్థాయి మోటారు రోజుకు పది గంటలు నడిస్తే ఏడెనిమిది యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది.

బొమ్మ ఒళ్లు తేలికపాటి నైలాన్ లేదా పాలిస్టర్ గుడ్డతో కుట్టిన గొట్టం. చిరుగు పడినా అది పాకకుండా మధ్యమధ్య మందపాటి దారాలతో గళ్లుగా నేసిన రిప్‌స్టాప్ గుడ్డను ఇందుకు వాడతారు. పది నుంచి ఇరవై అడుగుల ఎత్తు మామూలు. పై భాగంలో ముఖం అచ్చు వేసి, నెత్తిన జుట్టులా గుడ్డ పీలికలు కుడతారు. పక్కల నుంచి రెండు సన్నటి గొట్టాలు చేతులుగా వస్తాయి. చేతుల చివర్లు, తల పైభాగం పూర్తిగా మూసి ఉండవు. లోపలికి వచ్చిన గాలి బయటికి పోయేది ఆ రంధ్రాల గుండానే. గొట్టం అడుగు అంచును బ్లోయరు నోటి చుట్టూ పట్టీతోనో, వెల్క్రోతోనో బిగిస్తారు.

ఫ్యాను ఆపగానే బొమ్మ కూలి గుడ్డ కుప్పగా మారుతుంది. మడిచి సంచిలో పెట్టుకోవచ్చు, వేరే రంగు గొట్టాన్ని అదే బ్లోయరుకు తొడగవచ్చు. ఎండకు, రాపిడికి ముందుగా పాడయ్యేది గుడ్డే. అందుకే తయారీదారులు గొట్టాలను బ్లోయరుతో కలిపీ, విడిగానూ అమ్ముతారు.

కదలిక వెనక సూత్రం

లోపలి గాలి ఒత్తిడి బయటి ఒత్తిడి కన్నా కొద్దిగా ఎక్కువగా ఉన్నంతసేపు గుడ్డ అన్ని వైపులా బిగువుగా ఉంటుంది. ఆ బిగువే గొట్టాన్ని నిలబెడుతుంది. ఎముకలు లేని ఈ స్తంభం వంపును ఎంతవరకు తట్టుకుంటుందన్నది ఒత్తిడి మీద, గొట్టం వ్యాసార్ధం మీద ఆధారపడుతుంది. ఒత్తిడి రెట్టింపయితే తట్టుకునే శక్తి కూడా రెట్టింపవుతుంది. ఒత్తిడి మారకుండా వ్యాసార్ధం రెట్టింపయితే ఆ శక్తి ఎనిమిది రెట్లవుతుంది. వెడల్పాటి మొండెం మెల్లగా ఊగుతుంటే సన్నటి చేతులు అదుపు లేకుండా కొట్టుకోవడానికి కారణం ఇదే.

గొట్టం ఏదో ఒక చోట వంగినప్పుడు లోపలి వైపు గుడ్డ ముడతపడుతుంది. వంపు పెరిగితే ముడత మడతగా మారి గాలి దారిని ఇరుకు చేస్తుంది. మడతకు పైనున్న భాగానికి గాలి అందక, ఉన్న గాలి రంధ్రాల గుండా పోయి, ఆ భాగం వాలిపోతుంది. ఈలోగా మడతకు కింద గాలి పోగై ఒత్తిడి పెరుగుతుంది. అది చాలినంత పెరగగానే మడత విచ్చుకుని గాలి ఒక్కసారిగా పైకి దూసుకుపోతుంది, బొమ్మ ఎగిరి నిలబడుతుంది. నిలబడ్డ గొట్టం సొంత బరువుకో, వీచే గాలికో, లోపలి ప్రవాహపు తోపుకో మళ్లీ ఎక్కడో వంగుతుంది. ఈ చక్రం ఆగకుండా సాగుతుంది. వంపు తిరిగిన చోట వేగంగా పోయే గాలి గుడ్డను బయటికి నెట్టడం వల్ల ఊపు ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ గమనించదగ్గది, ఫ్యాను గాలిని ఒకే తీరున, ఎడతెగకుండా ఊదుతుండటం. ఆ నిలకడైన ప్రవాహాన్ని ఎగుడుదిగుడు కదలికగా మార్చేది గుడ్డకూ గాలికీ మధ్య జరిగే పెనుగులాటే. ప్రతి మడతా కిందటిసారి పడిన చోటే పడదు కాబట్టి ఒక భంగిమ అచ్చంగా మళ్లీ రావడం అరుదు.

తయారీదారు నేర్పు అంతా బయటికి పోయే దారులను లెక్కగా ఉంచడంలో ఉంది. రంధ్రాలు పెద్దవైతే ఒత్తిడి నిలవక బొమ్మ లేవదు. మరీ చిన్నవైతే గుంజలా బిర్రబిగిసి నిలబడుతుంది గాని ఆడదు. మోటారు బలం మారినా ఇదే సమస్య. అమెరికాలో విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తులతో వస్తుంది, భారతదేశంలో 50తో వస్తుంది. ఇండక్షన్ మోటారు వేగం ఆవృత్తిని బట్టి ఉంటుంది. కాబట్టి 60కి తయారైన మోటారు 50తో నడిస్తే వేగం ఆరింట ఐదు వంతులకు తగ్గుతుంది. ఫ్యాను పుట్టించే ఒత్తిడి వేగం వర్గాన్ని అనుసరిస్తుంది కనుక అది సుమారు 69 శాతానికి పడిపోతుంది. ఒక దేశంలో చక్కగా ఆడిన బొమ్మ ఇంకో దేశంలో నీరసంగా వాలిపోకుండా ఉండాలంటే అక్కడి విద్యుత్తుకు తగిన మోటారు పెట్టాలి.

పుట్టుక

ఈ బొమ్మ ఆలోచన ట్రినిడాడ్ కార్నివాల్ కళాకారుడు పీటర్ మిన్‌షల్‌ది. 1941లో గయానా రాజధాని జార్జ్‌టౌన్‌లో పుట్టి, ట్రినిడాడ్‌లో పెరిగి, లండన్‌లో రంగస్థల రూపకల్పన చదివిన మిన్‌షల్ ట్రినిడాడ్ ఊరేగింపు వేషాల కళను కొత్త దారి పట్టించాడు. ‘మాస్’ అని పిలిచే ఆ కళలో వేషం ఒంటి మీది అలంకారం మాత్రమే కాదు, ఆడే మనిషి కదలికతో ప్రాణం పోసుకునే శిల్పం. 1990లో అతను రూపొందించిన టాన్ టాన్, సాగా బాయ్ అనే భారీ బొమ్మలను, మన తిరునాళ్లలో బుట్టబొమ్మల మాదిరిగా, ఒక మనిషే తన అడుగులతో ఆడించేవాడు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ ప్రారంభ వేడుకల రూపకల్పనలో పాలుపంచుకున్న మిన్‌షల్‌కు అట్లాంటా వేడుకల్లోనూ చోటు దక్కింది.

పెద్ద స్టేడియంలో దూరాన కూర్చున్నవారికి కూడా కనిపించేటంత ఎత్తున, కార్నివాల్‌లో ట్రినిడాడ్ ప్రజలు ఆడినట్టే ఆడే గాలి మనుషులు కావాలని మిన్‌షల్ తలచాడు. మనిషి ఆడించే వీలు లేని ఎత్తు అది. గాలితో నిలబడే రూపాల్లో అనుభవం ఉన్న డోరన్ గజిట్ సాయం ఇందుకు తీసుకున్నాడు. ఇజ్రాయెల్‌కు చెందిన గజిట్ జెరూసలేంలోని బెజలేల్ కళాశాలలో చదువుకున్నాడు, ఆ రోజుల్లో వీధుల్లో బెలూన్లు అమ్మాడు. తరవాత లాస్ ఏంజిలిస్‌లో ఎయిర్ డైమెన్షనల్ డిజైన్ అనే చిన్న సంస్థ పెట్టి, వేడుకలకు గాలి గొట్టాలతో అలంకరణలు తయారు చేసేవాడు. ఆరియే డ్రాంగర్ కూడా ఈ బృందంలో పనిచేశాడు. ఇలా రూపొందిన, రెండు కాళ్లూ రెండు బ్లోయర్ల మీద నిలిచే బొమ్మలకు ‘టాల్ బాయ్స్’ అని పేరు పెట్టారు. కార్నివాల్ నాట్యంలో ఊపు నడుము నుంచి పుడుతుంది. రెండు కాళ్ల గుండా ఎగదన్నే గాలి ఒకే మొండెంలో కలవడం ఆ ఊపును బొమ్మకు తెచ్చింది. తరవాత మార్కెట్లో ఎక్కువగా కనిపించిన ఒంటికాలి బొమ్మ దీనికి చౌక రూపం: ఒక బ్లోయరు, ఒక గొట్టం.

పేటెంటు, చిన్న కంపెనీలు

ఒలింపిక్స్ తరవాత గజిట్ సంస్థ ఈ బొమ్మలను ‘ఫ్లై గయ్’ పేరుతో వేడుకలకు, క్రీడా పోటీలకు, వ్యాపార ప్రచారాలకు అందించింది. గాలితో ఊగే బొమ్మల పరికరానికి 2001లో అమెరికాలో పేటెంటు వచ్చింది. ఇతర తయారీదారులకు లైసెన్సులు కూడా ఇచ్చారు. పేటెంటు చట్టం కాపాడేది పరికరాన్ని, పద్ధతిని. ఒక జాతి నాట్యాన్ని గాలి మనిషితో ఆడించాలన్న ఊహ ఆ చట్టం పరిధిలోకి రాదు. అందుకే బొమ్మ చరిత్రలో ఊహ మిన్‌షల్‌దిగా, యంత్రం గజిట్‌దిగా రెండు పేర్లు పక్కపక్కన నిలిచాయి. మార్కెట్లో మాత్రం కొనేవారికి ఆ రెండు పేర్లలో ఏదీ తెలియదు. గజిట్ ప్రకటనల పనికి సమాంతరంగా ‘రెడ్ లైన్ ప్రాజెక్ట్’ పేరుతో ప్రకృతి ఒడిలో పొడవైన ఎర్రటి గాలి గొట్టాలను పరిచి పర్యావరణ కళారూపాలు చేస్తూ వచ్చాడు.

ఈ వస్తువును ఒకే కంపెనీ చేతిలో నిలుపుకోవడం కష్టం. బ్లోయరు ఎక్కడైనా దొరికే సరుకు. గుడ్డ కత్తిరించి కుట్టడానికి దర్జీ పనితనం చాలు. ఒక నమూనాను విప్పి చూస్తే కొలతలన్నీ తెలిసిపోతాయి. 2000 దశకంలో చైనా నుంచి చౌక బొమ్మలు వెల్లువెత్తాక అద్దెకు తెచ్చుకునే వేడుక వస్తువు కాస్తా చిన్న దుకాణదారు సొంతంగా కొనుక్కునే సరుకయింది. సాధారణంగా పేటెంటు గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు కాబట్టి ఇప్పుడు ఆ అడ్డు కూడా లేదు. ఈ రంగంలో నిలదొక్కుకున్న చిన్న సంస్థలు తమ బలాన్ని వేరేచోట వెతుక్కున్నాయి: అడిగిన రంగుల్లో, అడిగిన ముఖంతో, కంపెనీ గుర్తుతో త్వరగా కుట్టివ్వడం, బ్లోయర్లకు మరమ్మతు, వేడుకలకు అద్దె.

బొమ్మ పేరు జనం నోట పడటానికి టీవీ కూడా తోడయింది. 2005లో ‘ఫ్యామిలీ గై’ అనే అమెరికన్ కార్టూన్ సీరియల్ వీటిని గుట్టలుగా అమ్మజూపే వ్యాపారి పాత్రతో ఎగతాళి చేసింది. జోర్డన్ పీల్ తీసిన ‘నోప్’ (2022) సినిమాలో మైదానం నిండా నిలబెట్టిన ఈ బొమ్మలు, కరెంటు పోయిన చోట కూలిపోతూ, ఆకాశంలోని ముప్పు ఏ వైపు ఉందో చెప్పే సాధనాలుగా పనికొస్తాయి.

ఇతర కదిలే ప్రకటనలతో పోలిక

కదలికతో చూపు లాగడం ఎయిర్ డ్యాన్సర్‌తో మొదలుకాలేదు. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 1941లో డగ్లస్ లీ నెలకొల్పిన క్యామెల్ సిగరెట్ల బోర్డులో బొమ్మ మనిషి నోటి నుంచి ఆవిరి రింగులు నాలుగేసి సెకన్లకు ఒకటి చొప్పున వెలువడేవి. 1966 వరకు అది అక్కడ ఉంది. జపాన్‌లోని ఒసాకాలో కానీ దోరాకు హోటలు ముఖద్వారం మీద కాళ్లాడించే పెద్ద పీత 1960ల నుంచి ఆ వీధికి గుర్తుగా ఉంది. ఇవి రెండూ ఒక చోట కోసం ప్రత్యేకంగా తయారైన భారీ యంత్రాలు.

అనేక చోట్ల పెట్టడానికి వీలుగా తయారైనది ట్రైవిజన్ బోర్డు. నిలువు మూడు ముఖాల పట్టెలను వరసగా అమర్చి, అన్నిటినీ ఒకేసారి 120 డిగ్రీలు తిప్పితే ఒక ప్రకటన పోయి ఇంకొకటి వస్తుంది. ఈ ఉపాయం పాతదే. ప్రాచీన గ్రీకు నాటకరంగంలో దృశ్యం మార్చడానికి వాడిన మూడు ముఖాల తిరుగుడు స్తంభాలను రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ వర్ణించాడు. ట్రైవిజన్‌లో డజన్ల కొద్దీ పట్టెలు, బేరింగులు, గేర్లు ఒకే లయలో పనిచేయాలి. ఒక్క పట్టె ఇరుక్కుంటే మొత్తం బొమ్మ చెడుతుంది. ఎల్‌ఈడీ తెరలు చౌకయ్యాక ఈ రకం బోర్డులు తగ్గుముఖం పట్టాయి.

మనుషులే బోర్డులు పట్టుకుని తిప్పే పద్ధతి ఇంకొకటి. 2002లో శాన్ డియెగోలో మొదలైన యారో సైన్ స్పిన్నర్స్ ఈ పనికి యువకులకు తర్ఫీదు ఇచ్చి పంపింది. మనిషికి గంటల లెక్కన కూలి ఇవ్వాలి, ఎండకూ వానకూ విరామం ఇవ్వాలి. కూలి అక్కర్లేని పరికరాల్లో అరిగే కీలంటూ లేనిది ఎయిర్ డ్యాన్సరే.

ఆకర్షణ, అభ్యంతరం

కంటి చూపు అంచుల్లో వివరాలు సరిగా తెలియకపోయినా కదలిక ఇట్టే తెలుస్తుంది. డ్రైవరు ఎదుటి రోడ్డు మీద దృష్టి పెట్టినా పక్కన ఎగిసిపడే రంగు అతని చూపును లాగుతుంది. ఒకే లయలో తిరిగే వస్తువుకు కన్ను త్వరగా అలవాటు పడుతుంది. ఎప్పుడు వంగుతుందో, ఎప్పుడు లేస్తుందో తెలియని బొమ్మకు అంత త్వరగా అలవాటు పడదు. వ్యాపారి కోరేదీ, రహదారి భద్రత అధికారిని భయపెట్టేదీ ఈ ఒక్క గుణమే.

అమెరికాలో రహదారుల పక్క ప్రకటనలను అదుపు చేసే ముఖ్య చట్టం 1965 అక్టోబరు 22న వచ్చిన హైవే బ్యూటిఫికేషన్ చట్టం. ప్రధాన రహదారుల అంచు నుంచి 660 అడుగుల లోపల బోర్డులపై అది ఆంక్షలు పెట్టింది గాని, ఆ స్థలంలోనే జరిగే వ్యాపారాన్ని గురించిన బోర్డులను మినహాయించింది. ఎయిర్ డ్యాన్సర్ నిలబడేది సొంత దుకాణం ముందే. అందువల్ల దాని సంగతి చూసే బాధ్యత చాలావరకు స్థానిక పురపాలక సంఘాల మీద పడింది. హ్యూస్టన్ నగరం 2008లో చేసిన నిబంధనతో ఇలాంటి చూపు లాగే పరికరాలను నిషేధించి, 2010 నుంచి అమలు చేసింది. అనేక ఇతర పట్టణాలు పూర్తి నిషేధమో, అనుమతితో కొద్ది రోజులకే పరిమితమో చేశాయి.

బోర్డు మీద ఏమి రాసి ఉందన్న దాన్ని బట్టి వేర్వేరు నియమాలు పెట్టడం వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని 2015లో గిల్బర్ట్ పట్టణం కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బోర్డు సొంత ఆవరణలో ఉందా, బయట ఉందా అన్న తేడా చూపడం దానంతట అది తప్పు కాదని 2022లో ఆస్టిన్ నగరం కేసులో చెప్పింది. పరిమాణం, ఎత్తు, కదలిక వంటివి రాతతో సంబంధం లేని కొలమానాలు. కాబట్టి కదలికను బట్టి పెట్టే ఆంక్షకు మొదటి తీర్పు అంతగా అడ్డు రాదు.

భద్రత కోణంలో జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. గాలి జోరుగా వీచేటప్పుడు బ్లోయరు బోర్లా పడకుండా ఇసుక బస్తాలతోనో, మేకులతోనో బిగించాలి, ఈదురుగాలికి ఆపేయాలి. తడిసిన గుడ్డ బరువెక్కి సరిగా లేవదు. ఆరుబయట తీగలకు, ప్లగ్గులకు వాన నీరు తగలకుండా చూడాలి. పైనుంచి కరెంటు తీగలు పోయే చోట బొమ్మను నిలబెట్టకూడదు.

భారతదేశంలో

భారతదేశంలో కార్ల షోరూములు, వస్త్ర దుకాణాలు, ప్రదర్శనలు, ప్రారంభోత్సవాల దగ్గర ఎయిర్ డ్యాన్సర్లు కనిపిస్తాయి. దుకాణం ముందు చేతులు జోడించి వంగి ఆహ్వానం పలికే రూపంలోనూ వీటిని తయారు చేస్తారు. తెలుగు రాష్ట్రాల్లోనూ వీటిని ప్రచార సామగ్రి అమ్మేవారు, ఈవెంట్ నిర్వాహకులు అమ్మడమో, అద్దెకివ్వడమో చేస్తారు.

ఇక్కడి నియమాలు ప్రధానంగా హోర్డింగులను దృష్టిలో పెట్టుకుని వచ్చినవి. రాకపోకలకు ప్రమాదకరంగా ఉన్న హోర్డింగులను తొలగించాలని 1997 నవంబరులో ఢిల్లీ విషయంలో సుప్రీంకోర్టు ఆదేశించింది. తెలంగాణలో 2020 నాటి ప్రభుత్వ ఉత్తర్వులు హైదరాబాద్‌లో నేల నుంచి 15 అడుగులకు మించిన ఎత్తులో ప్రకటన బోర్డులను నిషేధించాయి. 2024 మే 13న ముంబయిలోని ఘాట్‌కోపర్‌లో ఈదురుగాలికి భారీ హోర్డింగు పెట్రోల్ బంకు మీద కూలి 17 మంది చనిపోయాక ఇనుప చట్రాల భద్రత దేశమంతటా చర్చకు వచ్చింది. గుడ్డ బొమ్మతో అలాంటి ప్రమాదం లేదు. దాని విషయంలో ప్రధాన ప్రశ్నలు డ్రైవరు దృష్టి మళ్లడం, కాలిబాటకు అడ్డు రావడం.

ప్రకటనకు బయట

ఒకే తీరున కదలని వస్తువుకు జంతువులు కూడా అంత త్వరగా అలవాటు పడవు. నిశ్చలంగా నిలబడే దిష్టిబొమ్మ మీద కొద్ది రోజులకే పక్షులు వాలతాయి. ఈ లోటును గమనించి శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతపు లుక్‌అవర్‌వే సంస్థ పండ్ల తోటల్లో పక్షులను బెదరగొట్టడానికి ప్రత్యేక రకం గాలిబొమ్మలను అమ్మింది. ఆరెగాన్ రాష్ట్రంలో పశువులను తోడేళ్ల నుంచి కాపాడటానికి, ఆస్ట్రేలియాలో డింగో అనే అడవి కుక్కలను దూరంగా ఉంచడానికి కూడా వీటిని పరీక్షించారు. వాటి ఖర్చు తక్కువే అయినా, బ్లోయరుకు కరెంటు అందించాల్సి రావడం మారుమూల మేత భూముల్లో ఇబ్బందే.

మడతపడి విచ్చుకునే గొట్టం రోబోలు తయారు చేసేవారికీ పనికొచ్చింది. నెదర్లాండ్స్‌లోని ఆమోల్ఫ్ సంస్థ పరిశోధకులు 2025లో ‘సైన్స్’ పత్రికలో ఒక మెత్తటి రోబోను వివరించారు. ఎడతెగని గాలి ప్రవాహానికి దాని కాళ్లు వాటంతట అవే ఊగుతాయి, నేల తాకిడి వల్ల ఒకదానితో ఒకటి లయ కలుపుకుని పరుగెడతాయి. కాళ్ల అడుగులను కుదిర్చే కంప్యూటరు గాని, సెన్సార్లు గాని అందులో లేవు. ఎయిర్ డ్యాన్సర్‌లో కదలికను పుట్టించే మడత సూత్రమే ఆ కాళ్లను కూడా నడిపిస్తుంది. ప్రకటన బొమ్మలో ఆ ఊపు క్రమం లేకుండా సాగితే, రోబోలో నేల తాకిడి దాన్ని క్రమబద్ధం చేస్తుంది.